పాత ల్యాప్‌టాప్... కొత్త కెర్నల్... ఓ ఇల్లాలు

ఇంట్లోకి ఒక కొత్త వస్తువు వచ్చిందనుకోండి. అది ముందు ఎవరి చేతికి వెళుతుంది? కొత్త ఫోనయితే ఆయనకి. కొత్త ల్యాప్‌టాప్ అయితే పిల్లల చదువుకి. వాళ్ళు వాడి వాడి, గీతలు పడి, బ్యాటరీ నీరసించాక “నీకిది చాలులే, నువ్వేం పెద్దగా వాడవు కదా” అన్న మాటతో సహా ఆ పాతది ఇల్లాలి చేతికొస్తుంది. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. అడుగంటిన మాడు మన కంచంలోనే వేసుకునే అలవాటు యంత్రాల దాకా పాకింది, అంతే.

సరే, పాతదే అయినా పని జరిగినన్నాళ్ళూ చింత లేదు. అది మొరాయించిన రోజునే వస్తుంది తంటా. ఆయన తీరిక కోసమో, పిల్లల సెలవుల కోసమో, రిపేరు షాపతని దయ కోసమో ఎదురుచూడాలి. పాత యంత్రాన్ని మనకి వదిలేసినంత తేలిగ్గా దాన్ని నడిపించే విద్యని ఎవరూ మనకి వదల్లేదు. ఆ విద్య అందరాని చందమామేమీ కాదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

నేను కథలు రాసుకునేది ఒక చిన్న ల్యాప్‌టాప్ మీద. 2009 నాటిది. పది అంగుళాల తెర, ఇంటెల్ ఆటమ్ ఎన్270 ప్రాసెసరు, 1 జీబీ మెమరీ, 160 జీబీ హార్డ్ డిస్కు. ఆ రోజుల్లో ఇలాంటివాటిని నెట్‌బుక్ అనేవారు. దానిలో డెబియన్ 12 మీద తయారైన ఒక తేలికపాటి లినక్సు వేసుకుని నడుపుతున్నాను. షాపతనికి చూపిస్తే “మేడమ్, వీటికి పార్ట్సు రావు, సాఫ్ట్‌వేరూ రాదు. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయండి” అన్నాడు. కొత్తది కొనలేక కాదు. కొంటే మాత్రం అది నా దాకా రావడానికి మళ్ళీ నాలుగేళ్ళు పడుతుందని నాకు తెలుసు!

టెంక ఉంది, జీడి ఏదీ?

అతను అన్నదాంట్లో సగం నిజం ఉంది. అదేమిటో చెప్పాలంటే ముందు కెర్నల్ సంగతి చెప్పాలి. ఆ ఇంగ్లీషు మాటకి అర్థమే గింజలోని పప్పు. మామిడి టెంక పగలగొడితే లోపల జీడి ఉంటుంది చూడండి, అదన్నమాట. మనం వాడే ప్రోగ్రాములేవీ నేరుగా హార్డ్ డిస్కుతోనో వై-ఫైతోనో మాట్లాడవు. “ఈ కథ దాచిపెట్టు, ఈ అక్షరం తెర మీద చూపించు” అని కెర్నల్‌ని అడుగుతాయి. అది వెళ్ళి ఆయా భాగాలతో పని చేయించుకొస్తుంది. ఒక్కో భాగంతో మాట్లాడటానికి దాని దగ్గర ఒక్కో డ్రైవరు ఉంటుంది.

లినక్సు కెర్నల్‌ని 1991లో ఫిన్లాండులోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ కుర్రాడు మొదలుపెట్టాడు. ఇప్పుడు అది 3 కోట్ల పంక్తులు దాటిన గ్రంథం. దాన్ని ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు, చదవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు. లైసెన్సులోనే ఆ హక్కు రాసి ఉంది.

నా ల్యాప్‌టాప్‌లోని ఎన్270 ప్రాసెసరు 32 బిట్ రకం. ఇప్పటివన్నీ 64 బిట్. 2025 ఆగస్టు 9న విడుదలైన డెబియన్ 13లో 32 బిట్ పీసీలకు కెర్నల్ ఇవ్వడం, ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేశారు. అదే ఏడాది ఫైర్‌ఫాక్స్ వాళ్ళు కూడా 32 బిట్ లినక్సుకి కొత్త రకాలు ఆపేశారు. వాళ్ళని తప్పుపట్టలేం. వాడేవాళ్ళు తగ్గిపోతుంటే ఎంతకాలమని మోస్తారు? లినస్ 1991లో మొదలుపెట్టింది 386 రకం ప్రాసెసరు మీద. ఆ 386ని కూడా 2013 ఫిబ్రవరిలో వచ్చిన 3.8 కెర్నల్ నుంచి తీసేశారు. పుట్టినింటికే తాళం వేసుకున్న చరిత్ర అది!

అయితే ఇక్కడొక తిరకాసు ఉంది. 32 బిట్ వాళ్ళకి వండి వడ్డించేవాళ్ళు మానేశారు గానీ, సరుకులు ఎక్కడికీ పోలేదు. 2024 నవంబరులో విడుదలైన 6.12 కెర్నల్ మూలగ్రంథంలో 32 బిట్ భాగం భేషుగ్గా ఉంది. ఎక్కువకాలం మరమ్మతులు అందుతాయని ప్రకటించిన రకం కూడాను. మనకి మనం వండుకుంటే సరి.

నిజానికి డెబియన్ 12తో వచ్చిన పాత కెర్నల్‌తో నాకు పని గడుస్తోంది. మరి ఎందుకీ తాపత్రయం అంటారా? అమ్మ జాడీలు పంపినన్నాళ్ళూ మనం ఆవకాయ పెట్టడం నేర్చుకోం. అమ్మ చెయ్యాడని ఏడాది వస్తుంది. అప్పుడు పాళ్ళు అడుగుదామంటే “ఏమోనే, చేతి కొలతే గానీ నోటి లెక్క లేదు” అంటుంది. పంపేవాళ్ళు ఉండగానే పక్కన కూర్చుని నేర్చుకోవడం మంచిది కదూ?

ఇంట్లో ఎవరెవరున్నారు?

మొదటి పని, నా కథలన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కించడం. రెండోది, సి భాషలో ఉన్న మూలాన్ని యంత్రానికి తెలిసే రూపంలోకి మార్చే పనిముట్లు తెచ్చుకోవడం. ఈ మార్చడాన్నే కంపైల్ చెయ్యడం అంటారు. జీసీసీ, మేక్, ఫ్లెక్స్, బైసన్, బీసీ, ఓపెన్ ఎస్ఎస్ఎల్, లిబ్‌ఎల్ఫ్ అనేవి కావాలి. వీటిలో ఏది లేకపోయినా పని మొదట్లోనే ఆగి, “ఫ్లెక్స్ నాట్ ఫౌండ్” అన్నట్టు పేరు పెట్టి మరీ చెబుతుంది. చివరి రెండిటికీ అసలు ప్యాకేజీ ఉంటే చాలదు, పేరు చివర “డెవ్” అని ఉండే జంట ప్యాకేజీ కూడా ఉండాలి. చాలామంది అక్కడే తికమకపడతారు.

మూడోది ముఖ్యమైనది. కెర్నల్‌లో ఏయే డ్రైవర్లు ఉండాలో రాసిన జాబితా ఒకటుంటుంది. దాన్ని కాన్ఫిగ్ అంటారు. డెబియన్ వాళ్ళు ప్రపంచంలో ఉన్న నానా రకాల కంప్యూటర్లకీ పనికొచ్చేలా వేల డ్రైవర్లు పెడతారు. ఊరందరికీ వంట అన్నమాట. అవన్నీ నా ఆటమ్ ప్రాసెసరు మీద కంపైల్ చేస్తే రోజులు పడుతుంది. మన ఇంటికి ఎంత కావాలో అంతే వండుకోవడానికి “లోకల్ మాడ్ కాన్ఫిగ్” అనే సదుపాయం ఉంది. స్టీవెన్ రోస్టెట్ అనే ఆయన రాసింది. 2009 డిసెంబరులో వచ్చిన 2.6.32 కెర్నల్ నుంచీ ఉంది.

అది చేసే పని జనాభా లెక్కలవాళ్ళ పనే. ఆ క్షణంలో ఏయే డ్రైవర్లు పనిచేస్తున్నాయో చూసి, వాటినే ఉంచి మిగతావి తీసేస్తుంది. లెక్కలవాళ్ళు వచ్చేసరికి పిల్లాడు ట్యూషనుకి వెళ్ళాడనుకోండి, వాడి పేరు ఎక్కదు. ఇక్కడా అంతే. అప్పుడు పెన్‌డ్రైవు గుచ్చి లేకపోతే పెన్‌డ్రైవు డ్రైవరు పోతుంది. ప్రింటరు తగిలించి లేకపోతే ప్రింటరు పోతుంది. అందుకని లెక్క పెట్టించే ముందు పెన్‌డ్రైవు, ప్రింటరు, మౌసు, ఫోను, మెమరీ కార్డు అన్నీ ఒక్కసారి తగిలించాను. వై-ఫై కలిపాను, కెమెరా తెరిచాను, ఒక పాట పెట్టాను. “పెళ్ళికొచ్చిన చుట్టాల్ని నిలబెట్టి ఫోటో తీసినట్టుందే” అన్నారు మావారు. సరిగ్గా అదే! వేలల్లో ఉన్న జాబితా వందకు అటూ ఇటూగా దిగింది.

చివరి మాట కాదు, మొదటి మాట

కంపైల్ ఆగిపోయినప్పుడు తెర నిండా పంక్తులు కనిపిస్తాయి. చివరి పంక్తిలో “మేక్... ఎర్రర్ 2” అని ఉంటుంది. అది చూసి కంగారు పడి మూసేసేవాళ్ళే ఎక్కువ. నిజానికి ఆ చివరి పంక్తిలో సమాచారం ఏమీ లేదు. “కింద ఏదో ఆగింది కాబట్టి నేనూ ఆగాను” అని మాత్రమే దాని అర్థం. అసలు కారణం పైన ఎక్కడో, మొట్టమొదట “ఎర్రర్” అని వచ్చినచోట ఉంటుంది. ఇంట్లో తగాదాకి తీర్పు చెప్పాలంటే చివర ఎవరు గట్టిగా అరిచారని కాదు, మొదట ఏ మాట దగ్గర మొదలైందని చూస్తాం కదా! అందుకని వచ్చిన పంక్తులన్నీ ఒక ఫైల్లోకి కూడా చేరేలా ముందే ఏర్పాటు చేసుకుంటే తర్వాత తీరిగ్గా వెతుక్కోవచ్చు.

నాకు మొదట ఎదురైనది ఒక సర్టిఫికెట్ గొడవ. గంటసేపు నడిచి ఆగింది. పైకి వెళ్ళి చూస్తే “నో రూల్ టు మేక్ టార్గెట్” అని, పక్కనే డెబియన్ పేరున్న ఒక సర్టిఫికెట్ ఫైలు పేరు. విషయం ఏమిటంటే, డెబియన్ వాళ్ళు తమ కెర్నల్‌కి తమ సర్టిఫికెట్ జతచేస్తారు. ఆ ఫైలు పేరు వాళ్ళ కాన్ఫిగ్‌లో రాసి ఉంటుంది. కాన్ఫిగ్ మనకి వచ్చింది గానీ ఆ ఫైలు వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. మనం చేసుకునేది సొంత కెర్నల్ కాబట్టి ఆ పేరు తీసేసి అక్కడ ఖాళీ వదిలితే చాలు. “సిస్టమ్ ట్రస్టెడ్ కీస్” అన్నచోట చిన్న మార్పు. పని ముందుకి కదిలింది.

రాత్రి పోయిన కరెంటు

అసలు కథ ఆ రాత్రి జరిగింది. పదింటికి కరెంటు పోయింది. ఆ ల్యాప్‌టాప్ బ్యాటరీ చచ్చిపోయి చాలా ఏళ్ళయింది. నేరుగా కరెంటు మీదే నడుస్తుంది. ఠక్కున ఆగిపోయింది. ఇరవై నిమిషాల తర్వాత కరెంటొచ్చాక మళ్ళీ మొదలుపెట్టాను. మేక్ అనే పనిముట్టుకి ఒక మంచి గుణం ఉంది. ఆగినచోటి నుంచి అందుకుంటుంది, మొదటికి పోదు. కానీ ఆ రాత్రి వింతగా ప్రవర్తించింది. కొన్ని ఫైళ్ళు “భవిష్యత్తులో తయారయ్యాయి” అంది. “క్లాక్ స్క్యూ డిటెక్టెడ్” అని హెచ్చరించింది, ఈ తయారీ అసంపూర్ణం కావచ్చునంది. ఆపి మళ్ళీ నడిపితే, ఇప్పుడే చేసిన ఫైళ్ళనే మళ్ళీ చేస్తోంది!

మా అమ్మాయి ఇంటర్ పుస్తకాల్లోంచి తలెత్తి “అమ్మా, ఆ కెర్నల్‌లోనే ఏదో బగ్ ఉందేమో, వదిలెయ్” అంది. నేను మాత్రం ఆ హెచ్చరికలోని మొదటి మాటనే పట్టుకున్నాను. క్లాక్. తెర మూలన ఉన్న గడియారం చూస్తే తేదీ 2009 జనవరి 1!

చాలా కంప్యూటర్లలో నాణెం ఆకారంలో ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది. కరెంటు లేనప్పుడు కూడా గడియారాన్ని నడిపించడం దాని పని. పదిహేనేళ్ళు దాటిన యంత్రంలో అది అయిపోవడం సహజం. రోజూ వై-ఫైకి కలపగానే ఇంటర్నెట్ నుంచి టైము సర్దుకునేది కాబట్టి ఈ లోపం ఇన్నాళ్ళూ బయటపడలేదు. ఆ రాత్రి కరెంటు పోగానే గడియారం పుట్టిన రోజుకి వెళ్ళిపోయింది. వై-ఫై ఇంకా కలపలేదు.

మరి గడియారానికీ కంపైల్‌కీ ఏమిటి సంబంధం? మేక్ తెలివంతా తేదీల్లోనే ఉంది. మూలం ఫైలు తేదీ, దాంతో తయారైన ఫైలు తేదీ పక్కపక్కన పెట్టి చూస్తుంది. తయారైనది కొత్తదయితే వదిలేస్తుంది. మూలమే కొత్తదయితే మళ్ళీ చేస్తుంది. ఇప్పుడు చేసిన ఫైలు మీద 2009 అని పడుతోంది. మూలం మీద 2024 తర్వాతి తేదీ ఉంది. దాని లెక్కలో మూలమే ఎప్పుడూ కొత్తది. అందుకే చేసిందే చేస్తోంది. కెర్నల్‌లో తప్పు లేదు, మేక్‌లో తప్పు లేదు. ఒక చచ్చిన నాణెం బ్యాటరీ చేసిన నిర్వాకం అది.

మర్నాడు ల్యాప్‌టాప్ ఆపి, ప్లగ్గు తీసి, కళ్ళజోడు మరలు బిగించే చిన్న స్క్రూడ్రైవరుతో కింది మూత తీశాను. మెమరీ పక్కనే ఉంది, రెండు సన్నటి తీగలతో. దాన్నే పట్టుకెళ్ళి చూపిస్తే షాపులో అలాంటిదే ఇచ్చాడు. తేదీ సరిచేసి, “మేక్ క్లీన్” అనే ఆదేశంతో సగం సగం తయారైనవన్నీ ఊడ్చేసి మొదటి నుంచి మొదలుపెట్టాను. హఠాత్తుగా కరెంటు పోయినప్పుడు కొన్ని ఫైళ్ళు సగంలో తెగిపోయి ఉంటాయి కూడా, అందుకే ఊడవడం మంచిది. ఈసారి ప్లగ్గు ఇన్వర్టరు లైనులో పెట్టాను.

ఊడవడం అంటే గుర్తొచ్చింది. దీనికి అన్నయ్య ఇంకొకటుంది, “మేక్ మిస్టర్ ప్రాపర్” అని. యూరప్‌లో ఇళ్ళు తుడిచే ఒక ద్రావకం పేరది. పేరుకి తగ్గట్టే తళతళా కడిగేస్తుంది. కష్టపడి తయారుచేసుకున్న కాన్ఫిగ్ జాబితాతో సహా! ఇల్లు కడిగేవాళ్ళు గోడ మీది పద్దుల కాగితం కూడా కడిగేసినట్టు. అది వాడేముందు కాన్ఫిగ్‌ని ఇంకోచోట దాచుకోవాలి.

ఒకే చోటా? రోజుకో చోటా?

ఇంకో ముఖ్యమైన గుర్తు చెబుతాను. కంపైల్ ప్రతిసారీ ఒకే చోట ఆగుతుంటే లోపం పనిముట్లలోనో, కాన్ఫిగ్‌లోనో ఉన్నట్టు. చదివి సరిచేసుకోవచ్చు. ఒకసారి ఒకచోట, ఇంకోసారి ఇంకోచోట, “సెగ్మెంటేషన్ ఫాల్ట్” అంటూ ఆగుతుంటే అనుమానం యంత్రం మీద పడాలి. మెమరీ పలక పాడై ఉండవచ్చు, వేడెక్కిపోతుండవచ్చు. మెమరీని పరీక్షించడానికి మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది, దాన్ని రాత్రంతా నడపవచ్చు. వేడికి ఫ్యాను దగ్గర పేరుకున్న దుమ్మే ముఖ్య కారణం. గంటల తరబడి పూర్తి బలంతో పనిచేసే యంత్రాన్ని పరుపు మీద, సోఫా మీద పెట్టకూడదు. గాలి ఆడే గట్టి బల్ల మీద పెట్టాలి. ఎండాకాలం అయితే తెల్లవారుజామున మొదలుపెట్టడం మేలు.

నా యంత్రం అలా వంకర్లు పోలేదు. కానీ దాదాపు చివరిదాకా వచ్చి “కిల్డ్” అని ఒక్క మాట చెప్పి ఆగింది. ఎవరు చంపారు? కెర్నలే! మెమరీ పూర్తిగా నిండిపోయినప్పుడు యంత్రం మొత్తం స్తంభించకుండా, ఎక్కువ మెమరీ తింటున్న పనిని ఒకదాన్ని కెర్నల్ ఆపేస్తుంది. “డీమెసేజ్” అనే ఆదేశంతో దాని డైరీ తీసి చూస్తే “అవుట్ ఆఫ్ మెమరీ” అని రాసి ఉంది. కారణం డీబగ్ సమాచారం. తప్పులు వెతికే ఇంజినీర్ల కోసం డెబియన్ కాన్ఫిగ్‌లో దాన్ని పెడతారు. చివర్లో దాన్నంతా పోగుచేసి ముడివేయడానికి 1 జీబీ మెమరీ చాలదు. డిస్కు కూడా బోలెడంత తింటుంది. పూర్తి జాబితాతో చేస్తే 20 జీబీ దాటినా ఆశ్చర్యం లేదు. డీబగ్ సమాచారం వద్దని కాన్ఫిగ్‌లో మార్చాను. ఒకేసారి రెండు పనులు కాకుండా ఒక్కొక్కటే చెయ్యమన్నాను. డిస్కు మీద 2 జీబీ స్వాప్ ఫైలు కూడా పెట్టాను, అంటే మెమరీ చాలనప్పుడు వాడుకునే అరువు చోటు. సాయంత్రం ఐదుకి మొదలుపెడితే అర్ధరాత్రి దాటాక ముగిసింది. ఈసారి ఏ ఎర్రరూ లేదు.

బీరువా తాళంచెవి

కెర్నల్ తయారైంది. ఇక దాన్ని ఇన్‌స్టాల్ చెయ్యాలి. ఇక్కడ ఒక నియమం బంగారంలాంటిది. పాత కెర్నల్‌ని ఎట్టి పరిస్థితిలోనూ తీసెయ్యకూడదు. కంప్యూటరు లేచేటప్పుడు గ్రబ్ అనే మెనూ వస్తుంది. అందులో పాతదీ కొత్తదీ రెండూ ఉంటాయి. కొత్తది లేవకపోతే పాతదాన్ని ఎంచుకుని హాయిగా లేవచ్చు. కొత్త కోడలు వచ్చిన రోజునే అత్తగారి చేతిలోంచి తాళాలు లాక్కోకూడదు కదా!

ఇన్‌స్టాల్ చేస్తుంటే “నో స్పేస్ లెఫ్ట్” అని వచ్చింది. కెర్నళ్ళు ఉండే బూట్ భాగం నా డిస్కులో చిన్నది. అందులో మూడు పాత కెర్నళ్ళు ఉన్నాయి. నడుస్తున్నదాన్ని ఉంచి, మరీ పాతవి రెండూ తీసేశాక చోటు చాలింది. ఈ మాటని పట్టించుకోకుండా రీబూట్ చేస్తే ఏమవుతుందో తెలుసా? చాలామందిని హడలగొట్టే తెర వస్తుంది: “కెర్నల్ పానిక్... అనేబుల్ టు మౌంట్ రూట్”.

దాని అర్థం చాలా సులువు. హార్డ్ డిస్కు తెరవడానికి ఒక డ్రైవరు కావాలి. ఆ డ్రైవరేమో హార్డ్ డిస్కులోనే ఉంది. బీరువా తాళంచెవి బీరువాలో పెట్టి తలుపు మూసినట్టు! అందుకే ఇనిట్ ర్యామ్ డిస్కు అనే చిన్న మూటలో ఆ తాళంచెవి విడిగా కట్టి బూట్ భాగంలో పెడతారు. చోటు చాలక ఆ మూట తయారు కాకపోతే కెర్నల్ లేస్తుంది గానీ ఇంట్లోకి వెళ్ళలేక గుమ్మంలో నిలబడిపోతుంది. అంతేగాని డిస్కు పోలేదు, దానిలోని కథలూ ఫోటోలూ పోలేదు. పాత కెర్నల్‌తో లేచి ఆ మూట మళ్ళీ తయారుచేయిస్తే సరిపోతుంది. డిస్కు డ్రైవరో, ఎక్స్‌ట్4 వంటి ఫైల్ సిస్టమ్ డ్రైవరో కాన్ఫిగ్ జాబితాలో ఎగిరిపోయినా ఇదే తెర వస్తుంది. అప్పుడు జాబితా చూసుకోవాలి.

నా యంత్రం కొత్త కెర్నల్‌తో లేచింది. వై-ఫై, శబ్దం, తెర వెలుతురు, మూత మూస్తే నిద్రపోవడం, పెన్‌డ్రైవు, ప్రింటరు ఒక్కొక్కటీ చూసుకున్నాను. “యూనేమ్” అని అడిగితే 6.12 అంది. దాని పక్కన, కంపైల్ చేసేటప్పుడు నేను తగిలించిన పేరు. మా అమ్మ పేరు.

ఒక నిజం కూడా చెప్పాలి. కొత్త కెర్నల్ వేస్తే పాత ల్యాప్‌టాప్ పరుగులు తీస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. నాది ఇప్పటికీ తాబేలే. కానీ “ఇక రాదు” అన్న మాటకి ఇప్పుడు నా దగ్గర జవాబుంది.

అక్షింతల పురుగు సాక్షిగా

“ఇవన్నీ మగవాళ్ళ వ్యవహారాలు కదండీ” అనే చెల్లెళ్ళకి ఒక సంగతి. కెర్నల్ మూలంలో ఒకే రకం తప్పు వేల చోట్ల దాగి ఉంటే వెతికి పట్టుకోవడానికి కాక్సినెల్ అనే పనిముట్టు ఉంది. దాని వెనక ఉన్న ముఖ్యుల్లో ఒకరు జూలియా లావాల్, ఫ్రాన్సులోని ఇన్రియా పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త. ఫ్రెంచిలో కాక్సినెల్ అంటే మన పొలాల్లో తిరిగే అక్షింతల పురుగు. పేనుబంకని తిని పైరుని కాపాడుతుంది కదా, ఈ పనిముట్టూ అంతే. కెర్నల్‌ని పరీక్షించే సెల్ఫ్‌టెస్టుల బాధ్యత చూసే షువా ఖాన్ కూడా మహిళే. స్త్రీలకి ఇలాంటి సాఫ్ట్‌వేరు పనిలో స్టైపెండుతో శిక్షణ ఇచ్చే కార్యక్రమంలో, ఇప్పుడు దాన్ని అవుట్‌రీచీ అంటున్నారు, 2013లో లినక్సు కెర్నల్ కూడా చేరింది. వాళ్ళంతటి పనులు మనం చెయ్యక్కర్లేదు. వాళ్ళు రాసినదాన్ని మన ఇంట్లో వండుకోగలిగితే చాలు.

గుర్తుంచుకోవలసినవి

- ముందు మీ ఫైళ్ళన్నీ ఇంకోచోట దాచుకోండి.
- వాడే వస్తువులన్నీ తగిలించాకే లోకల్ మాడ్ కాన్ఫిగ్ నడపండి.
- చివరి ఎర్రరు కాదు, మొదటి ఎర్రరు చదవండి.
- ఒకసారికి ఒక్క మార్పే చెయ్యండి. ఏం మార్చారో నోటుపుస్తకంలో రాసుకోండి.
- ఎర్రరు అర్థం కాకపోతే తేదీ, మెమరీ, డిస్కులో ఖాళీ, వేడి ఈ నాలుగూ చూడండి.
- కొత్తది కనీసం ఒక నెల సక్రమంగా నడిచేదాకా పాత కెర్నల్‌ని ఉంచండి.

ఇందులో లెక్కల ప్రావీణ్యం ఎక్కడైనా కావలసి వచ్చిందా చెప్పండి! కావలసినది ఓపిక, రాసినది చదివే అలవాటు, పొదుపుగా వాడే బుద్ధి. పప్పు ఉడకకపోతే నీళ్ళదా, మంటదా, పప్పుదా లోపమని రోజూ ఆరా తీసేవాళ్ళం మనం. ఆ ఆరానే ఇక్కడా పనికొచ్చింది. మీ ఇంట్లో అటక మీదో, బీరువా కిందో ఇలాంటి పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉండే ఉంటుంది. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేముందు ఒక్కసారి దించి, దుమ్ము దులిపి, అదేం చెబుతుందో చదివి చూడండి.